జంపయ్య చదివిన ముందు రోజులు

ఇల్లందు బస్టాండు దాటి కిందికి దిగితే ఫజల్ పాత సామాన్ల దుకాణం కనిపిస్తుంది. ఇనుము ఒక పక్కన, సీసాలు ఒక పక్కన, రేకుల షెడ్డు కింద అట్టలు, కాగితాలు. ఆ షెడ్డులో కాగితాలు ఏరి కట్టలు కట్టే పని జంపయ్యది. ఊరికి అవతల, అడవి మొదలయ్యే చోట, రాళ్లవాగు గుంపు అనే కోయపల్లె అతనిది. పొద్దున్నే సైకిల్ మీద వస్తాడు, పొద్దుగూకకముందే వెళ్లిపోతాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు.

చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివాడు. లెక్కల్లో తప్పి ఇంటికొచ్చి, పోడు చేసుకుంటూ, ఎండాకాలం తునికాకు కోస్తూ బతికాడు. కన్నమ్మతో పెళ్లయ్యాక ఒక కొడుకు పుట్టాడు. పిల్లవాడికి కళ్లు ఎప్పుడూ పచ్చగా ఉండేవి, కాళ్లు చేతులు వాచి ఏడ్చేవాడు. వేల్పులకు మొక్కారు, నాటు మందులు తాగించారు. మూడో ఏడు నిండకుండానే పోయాడు. తర్వాత సుజాత పుట్టింది. ఆ పిల్లకి పాలు మాన్పించే వయసులో వేళ్లు వాచినప్పుడు కన్నమ్మ బిడ్డను చంకనేసుకుని, ఎవరికీ చెప్పకుండా దవాఖానాకు నడిచి వెళ్లింది. అక్కడ రక్తం తీసి చూసి, సికిల్ సెల్ అన్నారు, జంపయ్యనూ పిలిపించారు. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవలిలా వంగిపోయి నరాల్లో ఇరుక్కుంటాయని, అందుకే ఆ నొప్పులని, తల్లిలోనూ తండ్రిలోనూ చెరి సగం దాగి ఉన్నది బిడ్డలో కలిసిందని డాక్టర్ ప్రమీలారాణి బొమ్మ గీసి చెప్పింది.

"మందు ఉన్నదా అమ్మా?" అని అడిగాడు జంపయ్య.

"నొప్పులు తగ్గించే మందులున్నయి. పూర్తిగా పోయే మందు లేదు. చలి తగలనియ్యొద్దు, నీళ్లు బాగా తాగించాలె. రక్తం తగ్గితే జల్దీ తీసుకురావాలె."

దవాఖానాకు దగ్గరగా ఉండొచ్చని అప్పుడే జంపయ్య ఇల్లందులో పని వెతుక్కున్నాడు. అట్లా ఫజల్ దుకాణంలో చేరాడు.

కాగితాలు ఏరేవాడికి చదవడం ఒక జబ్బు, పని సాగనివ్వదు. మొదట్లో జంపయ్య దినపత్రికల మీద కన్ను కూడా వేసేవాడు కాదు. ఒకరోజు బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చనిపోతే, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేస్తూ వాళ్లవాళ్లు ఆటో నిండా పాత పత్రికలు తెచ్చి పడేశారు. అన్నీ ఎనకటివి. వారపత్రికలు, పిల్లల మాసపత్రికలు, రష్యాలో తెలుగులోనే అచ్చయి వచ్చిన నున్నటి కాగితం పుస్తకాలు. వాటిలో ఆ పెద్దాయన ఒకే రకం కథలకు పసుపు దారంతో గుర్తులు పెట్టుకున్నాడు. పైన 'వైజ్ఞానిక కథ' అని ఉండేది. బొమ్మల్లో రాకెట్లు, గాజుబుడ్డి తలకు తొడుక్కున్న మనుషులు, రెండు చందమామలున్న ఆకాశం.

జంపయ్య అట్టల మీద కూర్చుని ఒకటి చదివాడు. క్రీస్తుశకం రెండువేల సంవత్సరంలో జరిగినట్టు రాసిన కథ అది. అందులో రోగి ఒక గదిలోకి వెళతాడు. గోడలోంచి సన్నటి గొట్టం వచ్చి అతని రక్తమంతా లాగి, యంత్రంలో తిప్పి, చెడ్డదాన్ని ఏరేసి, బాగు చేసి తిరిగి ఒంట్లోకి పంపుతుంది. రోగి లేచి చొక్కా సర్దుకుని భార్యతో సినిమాకు పోతాడు. రోగం పేరు కథలో లేదు. రక్తంలో పుట్టిన రోగం అని మాత్రం ఉంది.

ఫజల్ వచ్చి చూసేసరికి జంపయ్య కట్టలు కట్టకుండా కూర్చుని ఉన్నాడు.

"ఏంది జంపన్నా, కూసున్నవ్? పానం బాగలేదా?"

"భాయ్, ఇది ఇంటికి తీస్కపోతా. చదివి మళ్ల తెస్త."

ఫజల్ ఉర్దూ చదవగలడు, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాడు. పత్రికను తిరగేసి, రాకెట్టు బొమ్మ చూసి నవ్వాడు. "తీస్కపో. మళ్ల తెచ్చేది ఏమున్నది గాని, నాకు కథ చెప్పు చాలు."

అట్లా మొదలైంది. పసుపు దారం ఉన్న ప్రతి పత్రికనూ జంపయ్య పక్కకు తీసి పెట్టాడు. మధ్యాహ్నం ఫజల్ భార్య అమీనా బీ పంపిన చాయ్ తాగుతూ ఫజల్‌కి కథ చెప్పేవాడు. అంగారకుడి మీద ఊరు కట్టినవాళ్ల కథ చెబితే ఫజల్, "గాడ నమాజుకు కిబ్లా ఎటు దిక్కు?" అని అడిగేవాడు. జంపయ్య నిజంగానే ఆలోచించి, "ఆకాశంల భూమి ఎటు కనబడితే అటే కావచ్చు," అనేవాడు. సాయంత్రం అదే కథ ఇంటి దగ్గర సుజాతకు చదివి వినిపించేవాడు.

సుజాతకు అప్పుడు పదేళ్లు. నొప్పులొచ్చినప్పుడు మంచానికి అడ్డంగా పడి మోకాళ్లు కడుపులో పెట్టుకునేది. మాత్రలు పనిచేయడానికి కొంత సమయం పట్టేది. ఆ సమయాన్ని దాటించడానికి జంపయ్య దగ్గర వేరే సాధనం లేదు. మంచం పట్టెమీద కూర్చుని కథ చదివేవాడు. పిల్ల పళ్లు బిగించి, "ఆగకు నాయినా, చదువు," అనేది. కొన్నిసార్లు కథ అయిపోయేది, నొప్పి మిగిలేది. అప్పుడు మళ్లీ మొదటి నుంచి చదివేవాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది కోయలో. కథ తెలుగులో చదివి, పిల్లకు అర్థం కాని చోట కోయలో చెప్పేవాడు. 'గురుత్వాకర్షణ' అనే మాటకు కోయలో ఏమనాలో ఇద్దరూ ఒక వానాకాలమంతా వెతుక్కున్నారు. చివరికి 'నేల పట్టు' అన్న అర్థం వచ్చే మాటొకటి సుజాతే కట్టింది.

పిల్ల పెరిగి హాస్టల్లో చదివి, ఇంటర్లో చేరింది. నర్సు కావాలనుకుంది. ఏడాదిలో సగం రోజులు మంచం మీదే గడవడంతో హాజరు చాలలేదు. పరీక్షలు రాయలేక ఇంటికొచ్చేసింది. వచ్చాక పత్రికలు తనే చదవడం మొదలుపెట్టింది. తండ్రిలా నోరు తెరుచుకుని చదివే రకం కాదు. పేచీకోరు.

"నాయినా, గీ కథల రెండువేల ఏండ్లకే రోగాలన్ని పోయినయని రాసిండు. నేను పుట్టిందే రెండువేల నాలుగుల."

"రాసినోళ్లకు ఏం తెలుసు బిడ్డా. అయితే బాగుండని రాసుకున్నరు."

"మరి మనోళ్లు ఎవలన్న ఉన్నరా గీ కథలల్ల? నువ్వు అన్ని చదివినవ్ కద. అడివోళ్లు ఒక్కలన్న రాకెట్ ఎక్కిండ్రా?"

అన్నేళ్లుగా చదువుతున్నా ఆ ప్రశ్న జంపయ్యకు రాలేదు. కథల్లో ఇంజనీర్లు, ప్రొఫెసర్లు, వాళ్ల అందమైన కూతుళ్లు, పట్నాల పేర్లు. తండ్రీ కూతుళ్లు వెతకడం మొదలుపెట్టారు. చదివినవన్నీ మళ్లీ తీశారు. ఫజల్ కూడా ఖమ్మం నుంచి, కల్లూరు నుంచి వచ్చే లోడుల్లో పాత పత్రికలుంటే పక్కన పెట్టించేవాడు. "దొరికిండా మీ మనిషి?" అని రోజూ అడిగేవాడు.

దొరికాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, చెదలు తిన్న వారపత్రికలో. గ్రహాంతర నౌక ఒకటి దట్టమైన అడవిలో దిగుతుంది. శాస్త్రవేత్తలు జీపులో వెళ్లేసరికి ఆకులు కట్టుకున్న అడవి మనిషి నౌక ముందు సాష్టాంగపడి ఉంటాడు. దేవుడొచ్చాడని ఎర్ర తోక ఉన్న నల్లకోడిని బలివ్వబోతాడు. శాస్త్రవేత్త నవ్వి, అతని భుజం తట్టి పక్కకు జరిపి, నౌకలోకి వెళ్లిపోతాడు. ఆ తర్వాత కథలో అడవి మనిషి లేడు.

సుజాత చదివి పత్రికను మూసింది. జంపయ్య ఆమె ముఖం చూడలేక వాకిట్లోకి చూశాడు.

"పేరు లేదు నాయినా," అంది. "కోడికి తోక రంగు గూడ రాసిండు. వానికి పేరు రాయలే."

ఆ రోజు ఇద్దరూ అన్నం సరిగా తినలేదు. మర్నాడు జంపయ్య దుకాణంలో ఆ సంగతి చెబితే, ఫజల్ తాళ్లు పేనుతూ, "మావోళ్లు ఉన్నరా అండ్ల?" అని అడిగాడు. జంపయ్య ఆలోచించి, ఒక కథలో అత్తరు అమ్మేవాడు ఉన్నాడని, వాడు గూఢచారి అని చెప్పాడు. ఫజల్ నవ్వాడు గాని, ఆ నవ్వు మామూలుగా లేదు.

తర్వాత సుజాత తానే కథ చెప్పడం మొదలుపెట్టింది. పేపర్ మీద పెట్టలేదు. చేతివేళ్లు వాచి ఉండేవి, పెన్ను పట్టుకోవడం కష్టం. సాయంత్రం పూట వాకిట్లో మంచం వేసుకుని తండ్రికి చెప్పేది. ఆ కథలో తమ గుంపు నుంచి ఒకామె నౌక ఎక్కుతుంది. ఆమెకు తల్లి పేరే పెట్టింది, కన్నమ్మ అని. నౌక ఎక్కేముందు కుల సర్టిఫికెట్ అడుగుతారు. ఇస్తుంది. లోపల నీళ్ల పని అప్పజెబుతారు. చాలా ఏళ్లు ప్రయాణించాక ఒక గ్రహం కనబడుతుంది. పచ్చగా ఉంది, మనుషులెవరూ లేరు. అందరూ దిగడానికి తయారవుతారు. కన్నమ్మ మాత్రం తలుపుకు అడ్డంగా నిలబడుతుంది.

చాటలో ఇప్పపువ్వు చెరుగుతూ వింటున్న అసలు కన్నమ్మ తలెత్తింది. "ఎందుకు నిలబడ్డనే? అంత దూరం తోల్కపోయి దిగనియ్యవా నన్ను?"

"ఆ నేల ఎవలదో అడగకుండ ఎట్ల దిగుతవే అమ్మా? మన పోడుల ఫారెస్టోళ్లు మొక్కలు నాటినప్పుడు నువ్వే కద అడ్డం పండుకున్నది."

కన్నమ్మ చాట ఆపింది. "మనుషులు లేరంటివి కద, ఎవలని అడగాలె?"

"అదే ఆలోచన చేస్తున్న," అంది సుజాత.

ఆ చలికాలమే ఒక వార్త వచ్చింది. ఫోన్‌లో చూసి సుజాతే చెప్పింది. విదేశాల్లో సికిల్ సెల్‌కు మందు కనిపెట్టారట. ఒంట్లోంచి మూలకణాలు తీసి, వాటిలో తప్పును సరిచేసి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారట. నొప్పులు పోయినవాళ్లు ఉన్నారట. జంపయ్య నమ్మలేదు. సుజాతతో కలిసి మందులు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టర్ ప్రమీలారాణిని అడిగాడు.

"నిజమే జంపయ్యా," అందామె. వాళ్లను చూడకుండా బల్లమీది కాగితాలు సర్దింది. "కానీ దాని ఖర్చు మనం అనుకునేది కాదు. కోటీశ్వరులకే భారం. ఇక్కడికి ఎప్పుడొస్తదో నేను చెప్పలేను."

బయట బెంచీ మీద జంపయ్య కూలబడ్డాడు. గొట్టం, యంత్రం, చొక్కా సర్దుకుని లేచిన రోగి అతని కళ్లముందు తిరిగారు. సుజాతే అతని చేయి పట్టి లేపింది.

"కథ నిజమే అయింది నాయినా," అంది. "మన దాకా రాలే, అంతే."

ఆ తర్వాతి వానాకాలం వానలు విడవకుండా కొట్టాయి. రాళ్లవాగు పొంగి, గుంపుకీ రోడ్డుకీ మధ్య ఉన్న కల్వర్టు కొట్టుకుపోయింది. రెండు రోజులుగా కరెంటు లేదు. మూడో రోజు తెల్లవారేసరికి సుజాతకు ఛాతీలో నొప్పి మొదలైంది. కాళ్ల నొప్పి, నడుము నొప్పి ఆ ఇంటికి అలవాటే. ఇది అది కాదు. ఊపిరి తీస్తే లోపల పొడుస్తోందంది, ఒళ్లు కాలిపోతోంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే వాగు అవతలి దాకా వస్తామన్నారు. జంపయ్య ఫజల్‌కి కూడా ఫోన్ చేశాడు.

గుంపులో మగవాళ్లు మంచానికి తాళ్లు కట్టి సుజాతను పడుకోబెట్టి, పైన టార్పాలిన్ పరదా కప్పి మోశారు. వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు ఎర్రగా, చెట్టు దుంగలను దొర్లిస్తూ పోతున్నాయి. అవతల అంబులెన్సు ఆగి ఉంది. దాని పక్కన ఫజల్ ట్రాలీ ఆటో. ఫజల్ తడిసి ముద్దయి, ఒడ్డున అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు, నీటి హోరులో వినిపించలేదు. మధ్యలో ఉన్నది ఒక పెద్ద వీధంత వెడల్పు. అంతే.

దిగుదామని జంపయ్య రెండుసార్లు కాలు పెట్టాడు. బావమరిది కొడుకు శివ నడుము పట్టుకుని వెనక్కి లాగాడు. "మామా, మంచంతోటి పోతం అందరం. నీళ్లు తగ్గనియ్యి."

పరదా కింద మంచం పక్కన జంపయ్య కూర్చున్నాడు. సుజాత పెదాలు నల్లబడుతున్నాయి. "నాయినా, చదువు," అంది. చేతిలో ఏ పత్రికా లేదు. నోటికి వచ్చిన కథ మొదలుపెట్టాడు, రెండు చందమామల కథ. ఆమె కళ్లు మూసుకుని తలూపింది. కన్నమ్మ బిడ్డ పాదాలను ఒళ్లో పెట్టుకుని, చీర కొంగుతో తుడుస్తూనే ఉంది. తుడిచిన కొద్దీ తడుస్తూనే ఉన్నాయి.

మధ్యాహ్నానికి నీళ్లు నడుము లోతుకు దిగాయి. మనుషులు గొలుసు కట్టి మంచాన్ని తలల మీదుగా దాటించారు. అవతల ఫజల్ నీళ్లలోకి దిగి మంచం ముందుకోళ్లు అందుకున్నాడు. అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టారు. దవాఖానాలో ప్రమీలారాణి పరుగున వచ్చింది. రక్తం ఎక్కించారు, అందులో ఒక సీసా ఫజల్ ఇచ్చిందే. అన్నీ చేశారు. ఊపిరితిత్తులు అప్పటికే నిండిపోయాయి. మరునాడు మధ్యాహ్నం సుజాత చనిపోయింది. పొద్దున్నే చనిపోయిందని జంపయ్యకు చాలాకాలం అనిపించేది, ఎందుకంటే పొద్దున తర్వాత ఆమె మాట్లాడలేదు.

బిడ్డను గుంపుకు తీసుకొచ్చి, అన్న పక్కనే పాతిపెట్టారు.

జంపయ్య కొన్నాళ్లు పనికి పోలేదు. ఫజల్ అప్పుడప్పుడూ వచ్చి, వాకిట్లో కూర్చుని వెళ్లేవాడు. ఒకరోజు జంపయ్య అడవి నుంచి వచ్చేసరికి కన్నమ్మ పొయ్యి ముందు ఉంది. వానకు కట్టెలన్నీ పచ్చిగా ఉన్నాయి. ఆమె పక్కన పత్రికల కట్ట. ఒక్కో కాగితం చింపి పొయ్యిలో పెడుతోంది. పసుపు దారాలు బూడిదలో పడి ఉన్నాయి.

జంపయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. కన్నమ్మ వెనక్కి తిరగకుండానే అంది. "నీ పుస్తకాలల్ల అందరు బతుకుతరు."

అతను ఆపలేదు. ఆ రోజు అన్నం ఆ మంటమీదే ఉడికింది, ఇద్దరూ తిన్నారు.

మరుసటి ఏడు శివకు పెళ్లి కుదిరింది. పిల్ల పక్క గుంపుదే. జంపయ్య బావమరిది ఇంటికి వెళ్లి, పెళ్లికి ముందు ఇద్దరికీ రక్తపరీక్ష చేయించమన్నాడు. నాలుగు మాటలు కూడా పూర్తికాలేదు, బావమరిది లేచి నిలబడ్డాడు.

"నీ ఇంట్ల ఇద్దరు పోయిండ్రని నా ఇంటికి అంటగడ్తవా బావా? పెండ్లి ఇంట్ల ఏం మాట అది? పో."

జంపయ్య వచ్చేశాడు. ఆ సంగతి కన్నమ్మకు చెబితే, తమ్ముణ్ని తిడుతుందేమో అనుకున్నాడు. తిట్టలేదు. "మళ్ల పో," అంది. "వాడు కొట్టినా సరే, చెప్పు. మనకు ఎవలు చెప్పలే."

మళ్లీ వెళ్లనక్కర లేకపోయింది. శివే బండి వేసుకుని దుకాణం దగ్గరికి వచ్చాడు, వెనక ఆ పిల్లను కూర్చోబెట్టుకుని. వాగు ఒడ్డున చూసింది అతను మరిచిపోలేదు. ముగ్గురూ దవాఖానాకు వెళ్లారు. రక్తం ఇచ్చి, కొన్నాళ్ల తర్వాత ఫలితం కోసం మళ్లీ వెళ్లారు. ప్రమీలారాణి ఇద్దరినీ లోపలికి పిలిచింది. జంపయ్య బయట బెంచీ మీద కూర్చున్నాడు. వాళ్లు బయటికి వచ్చినప్పుడు పిల్ల తల వంచుకుని ఉంది. శివ ముఖం చూడగానే జంపయ్యకు అర్థమైంది. ఇద్దరిలోనూ ఉంది.

"నలుగురు పుడితే ఒకలకు వస్తదట మామా, లెక్క ప్రకారం," అన్నాడు శివ. "రాకపోవచ్చు గూడ అట."

"అవ్, రాకపోవచ్చు. మాకు ఇద్దరికి ఇద్దరికీ వచ్చింది," అన్నాడు జంపయ్య. ఆ మాట నోటినుంచి వచ్చాక ఆ పిల్ల వైపు చూడలేకపోయాడు.

వాళ్లు పెళ్లి చేసుకున్నారు. ఒకరినొకరు ఇష్టపడ్డవాళ్లు, విడిపోలేదు. జంపయ్య, కన్నమ్మ పెళ్లికి వెళ్లి అక్షింతలు వేసి, భోంచేసి వచ్చారు. కడుపుతో ఉన్నప్పుడే బిడ్డకు పరీక్ష చేసి చెప్పొచ్చని, ఆలస్యం చేయకుండా రావాలని డాక్టర్ చెప్పింది. ఈ చైత్రంలో శివ భార్యకు నెల తప్పింది. దవాఖానాకు తీసుకుపోయింది కన్నమ్మే.

జంపయ్య ఇప్పటికీ ఫజల్ దుకాణంలోనే పనిచేస్తున్నాడు. పాత పత్రికలు ఇంకా వస్తూనే ఉంటాయి, మునుపటంత కాదు. మొన్న అశ్వారావుపేట నుంచి వచ్చిన లోడులో ఒకటి బయటపడింది. రెండువేల యాభైలో జరిగే కథ. ఫజల్ చాయ్ గ్లాసు అందిస్తూ అడిగాడు.

"అండ్ల ఎట్లుంటదంట?"

జంపయ్య మొదటి పేజీ చదివాడు, రెండో పేజీ తిప్పాడు. "సముద్రం కింద ఊర్లు కడ్తరంట భాయ్," అన్నాడు.

"రోగాలు?"

"ఇంకా అంత దూరం పోలే," అని జంపయ్య చదువుతూ కూర్చున్నాడు. ఫజల్ కట్టలు తనే కట్టుకున్నాడు.